యాక్సిలరేటర్ కింద చెక్కముక్క

నాయనా, తొండియార్‌పేటలో నేనూ, నువ్విచ్చిన పాత వ్యానుబండీ క్షేమం.

నీళ్ళక్యాన్ల లోడుతో బ్రిడ్జి ఎక్కలేక రొప్పుతోందని దాన్ని అమ్మేద్దామనుకున్నాను. కొత్త ఎయిర్ ఫిల్టర్ వేయించినా అంతే. చివరికి మెకానిక్ నాగప్పన్ లోపలికి వంగి చూసి పడిపడి నవ్వాడు. "ఏమ్మా లూర్దూ, యాక్సిలరేటర్ కింద ఈ చెక్కముక్క ఎవురు కొట్టింది? తొక్కితే సగానికే ఆగిపోతా ఉండాదే!"

అది పీకేశాడు. నిన్న యాభై నీళ్ళక్యాన్లతో బ్రిడ్జి మీద ఆటోలను దాటేశాను! నేను స్పీడుగా పోతానని నువ్వు కొట్టిందే కదా? అసాధ్యుడివి!

అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? ఎవరైనా ఇటు వస్తుంటే రొయ్యపొడి పంపించు. ప్రభువు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

చెక్కముక్క పారేయలేదులే. నువ్వొచ్చి పక్కసీట్లో కూర్చున్న రోజు మళ్ళీ పెడతాను.

నీ కూతురు
లూర్దుమేరి