పాత బ్రౌజర్‌కి ఆఖరి తేదీ

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మ, మీ బావ, పాప, నేను అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనీ, మందుల అవసరం లేకుండానే కాస్త నిద్ర పడుతోందనీ నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. కొన్నాళ్ళపాటు ఫోనూ కంప్యూటరూ నీ కంట పడకూడదని మీ డాక్టరుగారు అన్నారు కాబట్టి మళ్ళీ కలం పట్టాల్సి వచ్చింది. నా రాత చూసి పాప, "అమ్మా, ఇది ఏ భాష?" అంది. నువ్వూ నవ్వుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నీ గది తాళం అమ్మ దగ్గరే ఉంది. వారానికోసారి తీసి తుడుస్తోంది, ఏ వస్తువూ కదపడం లేదు. నీ చలికోటు పంపించాను. జేబులో పాప వేసిన బొమ్మ ఉంటుంది, అది నువ్వేనట, చెవులు చూసి గుర్తుపట్టాలి. మీ బావ మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడల్లా మమ్మల్ని విసుక్కుంటారు, ఆ మెట్లు మేమే కట్టినట్టు.

ఇక మిగిలిన ప్రశ్న. "నా భాగం ఎలా ఉందక్కా? నడుస్తోందా? ఆపరేటరుగారు ఏమైనా రాశారా?" అని అడిగావు. కిందటిసారీ ఇదే అడిగితే నడుస్తోందని ఒక్క ముక్క రాసి తప్పించుకున్నాను. ఈసారి అలా రాయలేను.

మొన్న అన్నం తింటుంటే అమ్మ కదిపింది. "మీ ఆఫీసులో వాడి పనేదో తీసేశారటగా, అల్లుడు చెప్పాడు. ఏమిటే అది?"

"వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకి మేం టూల్‌కిట్ ఇస్తాం కదమ్మా, పనిముట్ల పెట్టె లాంటిది. దాంతో కట్టిన పేజీ పాత బ్రౌజర్‌లో తెరిస్తే చెదిరిపోతుంది. ఆ బ్రౌజర్‌ని తయారుచేసిన కంపెనీయే వదిలేసి ఏళ్ళయింది. అయినా కొంతమంది దగ్గర ఇంకా అదే ఉంది. వాళ్ళకీ పేజీ సరిగ్గా కనపడాలని తమ్ముడు ఒక్కడే కూర్చుని అతుకులు వేస్తుండేవాడు."

అమ్మ కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. "అవి వేసీ వేసీనే కదే వాడు అలా అయిపోయింది," అంది. మీ బావ నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపారు.

నీ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి గురించి నీకు ఇంతవరకూ రాయలేదు. మనిషి గుప్పెడంత ఉంటుంది. అందరం పిచ్చుక అంటాం, తనూ పలుకుతుంది. వచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది. "మీ తమ్ముడుగారు ప్రతి అతుకు పక్కనా అది ఎవరి కోసం వేశారో రాసుకున్నారండీ!" అని నా దగ్గరికొచ్చి సంబరపడింది. తర్వాత నీకు జరిగిందే తనకీ మొదలైంది. కొత్త బ్రౌజర్లలో ఒకటి బాగుచేస్తే పాతదాంట్లో రెండు చెడతాయి. ఆ రెండూ సరిచేసేలోగా బాగుచేసింది మళ్ళీ మొదటికొస్తుంది. మిగతావాళ్ళు కొత్త పనులు చూపించి శభాష్ అనిపించుకుంటుంటే తన పని ఎవరికీ కనపడదు. ముందు మాతో భోజనానికి రావడం మానేసింది. ఆపైన మాటలు తగ్గాయి. ఒక మధ్యాహ్నం లిఫ్టు పనిచేయక మెట్ల దారిన దిగుతుంటే, మలుపులో చెప్పులు విడిచి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మా?" అన్నాను.

"రెండు నిమిషాలండీ, వచ్చేస్తాను," అంది.

తమ్ముడూ, ఆ రోజు నువ్వు లేవలేకపోతే మీ బావా నేనూ చెరో వైపూ పట్టుకుని దింపింది ఆ మలుపు నుంచే. నువ్వు అన్నదీ ఆ మాటే.

ఆ వారంలోనే ఆపరేటరుగారి ఇంటికి వెళ్ళాను. మీరిద్దరూ రాసుకోవడమే గానీ కలుసుకోలేదు కదా, అందుకని చెబుతున్నాను. పొడుగాటి మనిషి, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని కూర్చున్నారు. చూపు పుట్టుకతోనే లేదన్నది నీకు తెలిసిందే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఏళ్ళ తరబడి చెవికి ఫోను తగిలించుకుని కూర్చోవడంతో ఇప్పుడు వినికిడి కూడా చాలావరకు పోయింది. అందుకే చదివి వినిపించే యంత్రాలు ఆయనకి పనికిరావు. ఉన్నదల్లా ఆ బ్రెయిలీ పలక. తెర మీది అక్షరాలు దాని మీద చుక్కలై లేస్తే వేళ్ళతో తడిమి చదువుకుంటారు. అది పాత బ్రౌజర్‌తో తప్ప పనిచేయదు, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త పలక కోసం సంక్షేమ కార్యాలయంలో పేరు రాయించుకున్నారు. వంతు వచ్చే ఏడాదికి గానీ రాదట.

నా మాటలన్నీ ఆయన భార్య చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. పక్కింటివాళ్ళకి కూడా మన టూల్‌కిట్ సంగతి తెలిసిపోయి ఉంటుంది.

"పాతదానికి పనిచేయడం ఆపేస్తారటండీ!"

"ఎప్పట్నుంచి?" అన్నారాయన.

"ఇంకా తేల్చలేదండీ," అన్నాను.

ఆయన పలక మీద వేళ్ళు ఆడించారు. అప్పుడు దాని మీద ఏ అక్షరమూ లేదు. "అయితే ఈలోగా చదవాల్సినవి చదివేసుకోవాలి," అన్నారు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. వచ్చేస్తుంటే, "అతుకుల అబ్బాయి ఎలా ఉన్నాడు?" అని అడిగారు. నిన్ను వాళ్ళింట్లో అలా అనుకుంటారట. ఊరెళ్ళాడని చెప్పాను.

తర్వాత ఆఫీసులో మీటింగు. పెద్దాయన గోడ మీద లెక్కలు చూపించారు. పాత బ్రౌజర్‌తో వచ్చేవాళ్ళు వెయ్యికి ఇద్దరో ముగ్గురో. "ఎలాగూ తీసేయాల్సిందే. ఎప్పుడన్నదే తేలాలి. ముందుగా చెప్పి ఇంకో ఏడాది గడువిద్దాం, మర్యాదగా ఉంటుంది," అన్నారాయన. అందరూ తలలూపారు. పిచ్చుక కిందికి చూస్తూ గోళ్ళు గిల్లుకుంటోంది. ఏడాది అన్న మాట వినగానే ఆ వేళ్ళు ఆగిపోయాయి.

నీకు ఇవేవీ చెప్పొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. అయినా వేరేవాళ్ళ నోట వినడం కంటే నా చేత్తో రాసింది చదవడమే నయం. ఆ ఏడాది వద్దన్నది నేనే. ఆ గడువిస్తే ఆపరేటరుగారి చేతికి కొత్త పలక వచ్చేదని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే. ఆ మాట బయటపెట్టలేదు. "ఇప్పుడు బయటికి వదలబోయే రిలీజ్‌తోనే ఆపేద్దాం," అన్నాను.

"అంత తొందరేం వచ్చిందమ్మా?" అన్నారు పెద్దాయన.

"ఆ పని చేయడానికి మనిషి లేరు సార్."

"ఈ అమ్మాయి ఉందిగా?"

"లేదు సార్," అన్నాను.

పిచ్చుక తలెత్తి నా వైపు చూసింది. ఇంకెవరూ ఎదురు చెప్పలేదు.

ఆ అతుకుల పని నువ్వే చేసి ఉండొచ్చు కదక్కా అంటావు. మీటింగుకి ముందు కొన్ని రోజులు కూర్చుని చూశాను తమ్ముడూ. నా వల్ల కాలేదు. ఇంటికొచ్చి పాప మీద ఊరికే అరవడం మొదలుపెట్టాను.

తీసేసే పని మాత్రం ఇంకొకరికి అప్పజెప్పలేదు. గ్రంథాలయం కోసం, ఆస్పత్రి కౌంటరు కోసం, ఆపరేటరుగారి కోసం అని నువ్వు పక్కన రాసుకున్నవన్నీ ఒక్కొక్కటీ చదివి, నేనే తీసేశాను.

రిలీజ్ అయ్యాక వారమంతా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. పెద్దాయన కేకు తెప్పించారు. "చూశారా, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు," అన్నారు. కేకు ముక్క చేతిలో పట్టుకున్నాక నాకు తట్టింది. మన ఫిర్యాదుల పేజీ కట్టిందీ ఈ టూల్‌కిట్‌తోనే. పాత బ్రౌజర్‌లో ఇక అదీ తెరుచుకోదు. ఆపరేటరుగారు మనకి ఏం చెప్పాలన్నా ఆ పేజీలోనే రాసేవారు.

వాళ్ళింటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "బాగానే ఉన్నారమ్మా. ఆ పలక మీద గుడ్డ కప్పేశారు. పొద్దున్నే లేచి అలవాటు ప్రకారం అక్కడే కూర్చుంటారు, అంతే," అంది. సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాను. వంతు వంతేనంటున్నారు.

పిచ్చుక మళ్ళీ మాతో భోజనానికి వస్తోంది. మాటలు ఇంకా పూర్తిగా రాలేదు.

నువ్వు తిరిగొచ్చేసరికి నీకు కుర్చీ ఉంటుంది, ఆ పని ఉండదు. నేను చేసింది సరైనదేనని నీకు రాయలేను. మళ్ళీ ఆ గదిలో కూర్చోబెట్టినా అదే చెబుతానని మాత్రం రాయగలను. నీ జవాబు కోసం చూస్తుంటాను. తిడుతూ అయినా రాయి. నీ దగ్గర్నుంచి ఏమీ రాకపోతే నువ్వు బాగున్నావని అనుకోవడం ఇక నాకు చేతకాదు.

ఇట్లు,
నీ తిట్ల కోసమైనా ఎదురుచూసే
అక్క