ఎవరి మొహమూ లేని ఐస్ ఫ్యాక్టరీ

పుంటా లూయా,
ఫిబ్రవరి 9, 1998

చిరంజీవి ఇందాయ్‌కి,

క్రిసాంతో మామయ్య దీవెనలు. ఇలోయిలో పట్నంలో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ, మీ సెన్యాంగ్ అత్తయ్యా, పందిపిల్లలూ క్షేమం. ఊరే క్షేమంగా లేదు.

సంగతేమిటంటే, మీ ఆఫీసు తరఫున మన ఒడ్డున ఐస్ ఫ్యాక్టరీ కట్టారు. తెల్ల గోడలు, ఎర్ర రేకులు, లోపల నీలం మిషను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఎక్కడా మీ సారు పేరు లేదు. మొహం అసలే లేదు.

నువ్వు ఆయన దగ్గర పనిచేస్తున్నావు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఇందులో మతలబేమిటి? మీ సారు, కాంగ్రెస్‌మన్ లారిబా, మనకి ప్రతినిధిగా మనీలా సభకి వెళ్ళినప్పటి నుంచి ఆయన మొహం లేకుండా ఈ ఊరికి ఒక్క మేకు వచ్చిందా? బస్ షెల్టరు మీద ఆయనే. చర్చి ఫ్యాను రెక్కల మీద ఆయనే. బాస్కెట్‌బాల్ బోర్డు మీద ఎలా వేశారంటే, బంతి ఆయన ముక్కుకి తగిలితే గానీ రింగులో పడదు. మొన్న కాన్సో తాత పోతే మీ ఆఫీసు నుంచి శవపెట్టె వచ్చింది కదా, దాని మూతకి లోపలి వైపు కూడా ఆయన మొహమే. చచ్చినవాడికి కూడా చూడక తప్పలేదు. అలాంటి మనిషి ఇంత పెద్ద ఫ్యాక్టరీ కట్టి పేరు దాచుకున్నాడంటే ఎవరైనా ఏమనుకోవాలి? ఊరకరారు మహానుభావులు.

ఐసు మాకెంత అవసరమో నీకు చెప్పక్కర్లేదు. చేపలు కొనే షావుకారు దోన్యా కాసిల్డా లారీ వస్తేనే ఐసు. ఆవిడకి చేపలమ్మిన వాడికే ఐసు. ఆవిడ చెప్పిందే ధర. అయినా సరే, తెలియని గోతిలో కంటే తెలిసిన గోతిలో పడడమే నయమంటున్నారు ఊళ్ళోవాళ్ళు. నేనూ అదే అంటున్నాను.

ఫైళ్ళలో ఏముందో చూసి రాయి.

ఇట్లు,
మీ మామయ్య క్రిసాంతో

తా.క. భవనం వెనక వైపు కూడా చూశాను. నిచ్చెన వేసుకుని కప్పు మీద కూడా చూశాను. లేదు.

*

ఇలోయిలో,
ఫిబ్రవరి 16

పూజ్యులైన మామయ్యకి,

నీ ఇందాయ్ నమస్కారాలు. నీ ఉత్తరం, ఎండు చేపల పొట్లం బస్సు కండక్టరు భద్రంగా అందించాడు.

మామయ్యా, మతలబు ఏమీ లేదు. పేరు వద్దని సారే అన్నారు. పెయింటరు రంగు డబ్బాలతో సహా బయలుదేరితే వెనక్కి పిలిపించారు. "దీని మీద నా మొహం వెయ్యొద్దు" అన్నారు. అంతే. ఈ జూన్‌తో ఆయన మూడో విడత అయిపోతుంది. చట్ట ప్రకారం మళ్ళీ నిలబడడానికి లేదు. అదీ ఒక కారణమేమో.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఊళ్ళో సంఘం పెట్టుకుని, ఒక అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, సంతకాలు చేసి పంపండి. తాళాలు ఇచ్చేస్తాం. ఈస్టరు దాటితే మాత్రం మిషను ఊడదీసి అవతలి ఒడ్డున బాగుంబోంగ్ వాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళు అప్పుడే సంఘం పెట్టేసుకున్నారు. నువ్వు నలుగురికీ నచ్చజెప్పు. నీ మాట వింటారు.

ఇట్లు,
నీ మేనకోడలు ఇందాయ్

తా.క. ఈసారి ఎండు చేపలు ఆఫీసుకి పంపకు. సారు గదిలోంచి బయటికి వచ్చి "ఎవరు పోయారు?" అని అడిగారు.

*

పుంటా లూయా,
ఫిబ్రవరి 26

చిరంజీవి ఇందాయ్‌కి,

దీవెనలు. నచ్చజెప్పమన్నావు, చెప్పాను. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది.

ప్రార్థన అయ్యాక చర్చి ముందు నిలబడి, "పేరు వద్దని ఆయనే అన్నాడట" అన్నాను. అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు.

"ఆయనే? వద్దన్నాడా? అయితే మిషను పనిచెయ్యదన్న మాట!"

"దొంగ సొత్తయి ఉంటది. ముందు సంతకం పెట్టినోడు జైలుకి."

"పేరు లేని బిడ్డని ఎవరెత్తుకుంటారు?" ఇది మీ అత్తయ్య.

చివరికి పడవలు చేసే బాల్టజార్ అన్నాడు: "ఇన్నేళ్ళు మొహం చూపించి చూపించి, ఇప్పుడొద్దంటున్నాడంటే... పాపం, మనిషి ఎక్కువ రోజులు బతకడు. డాక్టర్లు చెప్పేసి ఉంటారు."

ఈ మాట మాత్రం అందరికీ నచ్చింది. పోయే ముందు మనిషికి వైరాగ్యం వస్తుంది, నిజమే కదా. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మరునాటి నుంచి ఆయన కోసం తొమ్మిది రోజుల ప్రార్థన మొదలైంది. రోజూ కొబ్బరి కల్లు, బియ్యం కేకులు. ఇంతమంది ప్రార్థనకి రావడం ఎన్నడూ చూడలేదని ఫాదర్ మురిసిపోయాడు.

సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. నన్ను పెట్టమన్నారు. నేనేం వెర్రివాణ్ణా?

ఇట్లు,
మామయ్య

తా.క. నాకు మాత్రం జబ్బు మీద నమ్మకం లేదు. అయినా ఏ జబ్బో రాయి, ఇక్కడ పందేలు కాస్తున్నారు.

*

ఇలోయిలో,
మార్చి 5

మామయ్యకి,

సారు బతికే ఉన్నారు! ఇవాళ మధ్యాహ్నం కాల్చిన పంది మాంసం రెండుసార్లు వడ్డించుకున్నారు.

మీ ప్రార్థన పక్క ఊళ్ళకి పాకింది. అక్కడి నుంచి మా వీధికి వచ్చింది. సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి చావుకి పంపే పూలచక్రాలు. ఆయన సీటుకి నిలబడదామనుకుంటున్న వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పరామర్శకొచ్చి, సారుని చూసి, కాఫీ కూడా తాగకుండా పోయారు. మేడమ్ గారి చెల్లెలు బకోలోద్ నుంచి నల్ల బట్టలతో పడవ దిగింది. మేడమ్ గారికి కొత్త అనుమానం. "నాకు చెప్పకుండా ఏ డాక్టరు దగ్గరికెళ్ళారు? ఆ డాక్టరు ఆడదా మగాడా?" అంటున్నారు.

నేను భయపడుతూ అడిగాను: "సార్, ఒక్క చిన్న బొమ్మ వేయించేద్దాం, గొడవ వదిలిపోతుంది." ఆయన నవ్వారే గానీ ఒప్పుకోలేదు.

దయచేసి ఇంక ప్రార్థనలు ఆపండి. సంఘం సంగతి చూడండి.

ఇట్లు,
ఇందాయ్

తా.క. పూలచక్రాల మీద సారు పేరు చిన్న అక్షరాల్లో, పంపించినవాళ్ళ పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అది చూసి సారు మొదటిసారిగా నొచ్చుకున్నారు.

*

పుంటా లూయా,
మార్చి 18

చిరంజీవి ఇందాయ్‌కి,

దీవెనలు. ఇక్కడ చాలా జరిగాయి.

ఎన్నికల కాలంలో ఖాళీ గోడ నిలుస్తుందా? గురువారం మేయరు గారు మనుషుల్ని పంపి ఐస్ ఫ్యాక్టరీ మీద తన మొహం వేయించారు, పళ్ళతో సహా. ఊరంతటికీ ప్రాణం లేచొచ్చింది. "అదీ! ఇప్పుడర్థమైంది" అనుకున్నారు. నాకు అర్థం కాలేదు. తిన్నగా మేయరు గారింటికి వెళ్ళాను.

"అయ్యా, మిషను చెడిపోతే మీ దగ్గరికే రావాలా?" అని అడిగాను.

"అదేంటి క్రిసాంతో, చెడిపోద్దా?"

"ఏమో. కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఆపరేటరుకి జీతం? వాడి చెయ్యి చక్రంలో పడితే? మొహం మీదేనాయె, మిమ్మల్నే అడగాలి కదా."

మేయరు గారు కోడిపుంజుని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మరునాడు మనుషులొచ్చి ఆయన మొహం గీకేశారు.

ఆదివారానికి వైస్ మేయరు మొహం వచ్చింది. వెళ్ళి అడిగాను. గీకేశారు. ఆ తర్వాత ఎవరొచ్చారో తెలుసా? దోన్యా కాసిల్డా! ఆవిడ మొహం వేసుకుని కింద 'మీ ఐసు, మీ అమ్మ' అని రాయించింది. ఆవిణ్ణీ అడిగాను. "ప్రశ్నలడిగేవాడికి ఐసు లేదు" అంది. మూడు రోజులు నా ఒక్కడికే ఐసు ఇవ్వలేదు. చేపలు కుళ్ళిపోయాయి. ఊళ్ళో ఒక్కడూ నా వైపు మాట్లాడలేదు. నాలుగో రోజున బాల్టజార్ గోడకి సున్నం కొట్టేశాడు. ఎవరు చెప్పారని అడిగితే, "రంగు నచ్చలేదు" అన్నాడు.

వీళ్ళెవరినీ నమ్మకూడదని ముందే చెప్పాను కదా. మీ సారుని కూడా.

ఇట్లు,
మామయ్య

తా.క. గీకినా, సున్నం కొట్టినా మేయరు గారి చెవి ఒకటి గోడ మీద ఉండిపోయింది. ఊళ్ళో జనం దాని దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

*

ఇలోయిలో,
మార్చి 28

మామయ్యకి,

ఈసారి నమస్కారం కోపంగా పెడుతున్నాను.

బాగుంబోంగ్ వాళ్ళు తాడు పట్టుకుని వచ్చి మిషను కొలతలు తీసుకుపోయారు. భవనానికి నాలుగు వైపులా సారు మొహం వేస్తామని మాట కూడా ఇచ్చారు. నాకు ఏడుపొచ్చి, సారు గదిలోకెళ్ళి గట్టిగానే అడిగాను: "మా ఊరి మీద మీకేం పగ? ఎందుకు మొహం వేయనివ్వలేదు?"

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బాస్కెట్‌బాల్ రింగు వంగితే మీ ఊళ్ళో ఎవరు సరిచేశారమ్మా? నాకు కబురు పెట్టారు. బస్ షెల్టరు రేకు ఎగిరిపోయి పక్కనే పడింది. తీసి పైన పెట్టారా? లేదు. నాకు కబురు పెట్టి, రెండు వర్షాకాలాలు తడుస్తూ నిలబడ్డారు. నా మొహం ఉంది కాబట్టి అది నాదే అనుకున్నారు. తప్పు వాళ్ళది కాదు, అలా అలవాటు చేసింది నేనే. జూన్ తర్వాత నేనుండను. ఐస్ మిషను మీద కూడా నా మొహం వేస్తే, అది కూడా నాతోపాటే రిటైరవుతుంది."

మామయ్యా, నీకు గుర్తుందో లేదో. ఒక ఏడాది నాన్న పడవ నిండా చేపలు తెచ్చాడు. దోన్యా లారీ రెండు రోజులు రాలేదు. అమ్మ ఆ చేపలన్నీ ఇసుకలో పాతిపెట్టింది. నేను పక్కనే నిలబడ్డాను. నాన్న మళ్ళీ పడవెక్కలేదు, ఆ దిగులుతోనే పోయాడు. నేను ఈ ఆఫీసులో చేరింది ఆ ఐసు కోసమే. అది ఒడ్డుకి వచ్చింది, తలుపు దగ్గర నువ్వు అడ్డంగా నిలబడ్డావు. అనుమానపడు, వద్దనను. కానీ సంతకం పెట్టి అనుమానపడు!

ఇట్లు,
ఇందాయ్

తా.క. ఈస్టరు ఏప్రిల్ పన్నెండున. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయక్కర్లేదు.

*

పుంటా లూయా,
జూలై 6

చిరంజీవి ఇందాయ్‌కి,

మామయ్య దీవెనలు. రాయక్కర్లేదన్నా రాస్తున్నాను. సంతకాలు, తాళాల సంగతి నీకు తెలుసు. అది ఎలా జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. నేనే పరువు తక్కువని చెప్పొద్దన్నాను.

ఈస్టరు ముందరి మట్టల ఆదివారం నాడు చర్చిలో నీ ఉత్తరం చదివాను. మీ నాన్న సంగతి దగ్గర కాగితం చేతికిచ్చేస్తే, మిగతాది బాల్టజార్ చదివాడు. చేపలు పాతిపెట్టని ఇల్లు ఈ ఊళ్ళో లేదు ఇందాయ్. అందరూ తలలు దించుకున్నారు. అయినా అధ్యక్షుడెవరంటే ఒక్కడూ కదల్లేదు. అప్పుడు మీ అత్తయ్య లేచింది.

"మేయర్నే నిలదీశాడు, దోన్యానే నిలదీశాడు. ఎవర్నీ నమ్మని మనిషి ఈ ఊళ్ళో మా ఆయనొక్కడే. ఆయన్నే కూర్చోబెట్టండి. ఆయన మీద ఓ కన్ను మేం వేస్తాం!"

అందరి చేతులూ లేచాయి. ఈ ఊరు ఒక్క మాట మీదికి రావడం నా జన్మలో అదే మొదలు. కాదనే లోపల పెయింటరు దోమింగ్ గోడ దగ్గర ఉన్నాడు. మేయరు చెవి వృథా చేయడమెందుకని నా మొహం అక్కడి నుంచే మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ గోడ మీద నేను ఉన్నాను. ఒక చెవి చాలా పెద్దమనిషి తరహాగా ఉంటుంది.

ఐసు వస్తోంది. దోన్యా లారీ రెండు వారాలు ఖాళీగా తిరిగి వెళ్ళింది. మూడో వారం ఆవిడే చేపల ధర పెంచింది.

నా బతుకు మాత్రం కుక్కలు చింపిన విస్తరి అయింది. "ఐసు అంత తెల్లగా ఎందుకుంది? ఏం కలిపావ్?" "మీ ఇంట్లో కొత్త చాపెక్కడిది?" "నిన్న మిషను కాసేపాగిందే, ఎవరికి అమ్ముదామని?" శనివారం మీటింగు పెట్టి, మేయర్ని నేనడిగిన ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. ఒక్కటీ వదల్లేదు. చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి కూర్చుంటే ఒకటి తోచింది. ఇన్నేళ్ళూ మీ సారుని మనం ఒక్క ప్రశ్న అడిగామా? బొమ్మ చూసి దండం పెట్టి పోయాం. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది, ఎందుకో తెలియదు.

నిన్న ఒక ముసలాయన టోపీ పెట్టుకుని వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. బొమ్మల్లో జుట్టు ఉంటుంది కదా. "నువ్వెవరు? ఏ ఊరు? సభ్యుడివేనా?" అని ఆరా తీసి చివరికి నా దగ్గరికి లాక్కొచ్చారు. టోపీ తీస్తే బట్టతల, ముక్కు మాత్రం బోర్డు మీదిదే, కాంగ్రెస్‌మన్ లారిబా! నేను లేవబోతే కూర్చోమన్నాడు. గోడ వైపు చూశాడు.

"మొహం బాగా వచ్చింది. ఇక తలుపు కొడుతూనే ఉంటారు. అలవాటు పడడానికి నాకు పదేళ్ళు పట్టింది" అన్నాడు.

ఐసు గడ్డ ఒకటి ఊరికే ఇవ్వబోయాను. వెనకున్న బాల్టజార్ "రసీదేదీ?" అన్నాడు. ఇందాయ్, ఆ మాటకి ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. అంత పెద్దమనిషి వరుసలో నిలబడి, డబ్బు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. అది మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను.

ఈ ఉత్తరం ఫ్యాక్టరీ గదిలో గడియ వేసుకుని రాస్తున్నాను. ఎవరో తలుపు బాదుతున్నారు. ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య క్రిసాంతో,
అధ్యక్షుడు

తా.క. బాదింది మీ అత్తయ్యే. గడియ వేసుకుని లోపల ఎవరికి రాస్తున్నానట. నీకే అంటే నమ్మడం లేదు. వచ్చే బస్సుకి నువ్వే రా, సాక్ష్యానికి.