బదులు రోజు

మార్చి 17, 2024. ఆదివారం.
ఒక్క మాట చూపించి నా ఆదివారాలు పదకొండు తినేశారు. బేకరీ గోడమీద పచ్చ అక్షరాల్లో ఉంటుంది ఆ మాట. మెహల్. ఓనర్ డెక్లన్‌ది ఐర్లండ్. ఐరిష్‌లో దానర్థం కుటుంబం అని మేనేజర్ జయదేవ్ అన్న ఇంటర్వ్యూ రోజే చెప్పాడు. కుటుంబం కాబట్టి ఆదివారం అందరూ వచ్చి ఓవెన్లు, ట్రేలు కడగాలి. జీతం లేదు. రానివాళ్లకు పై వారం షిఫ్టులుండవు.

ఈరోజు వాళ్ల ఐరిష్ పండగట, మా నెత్తిన పచ్చ టోపీలు కూడా పెట్టారు.

మార్చి 19.
ఇక్కడికి చదువుకొచ్చిన మేం నలుగురం అద్దెకుండే బేస్‌మెంట్ ముప్పయ్యో తారీఖుకల్లా ఖాళీ చేయాలి. ఇల్లు అమ్మేశారు. సామాను మోయడానికి బేకరీ వ్యాను ఒక్క పూట అడిగాను. నీ పర్సనల్ పనులకి కంపెనీ వ్యానేంటమ్మా, రేపు పెళ్లి ఊరేగింపుకి కూడా అడుగుతావా అన్నాడు జయదేవ్ అన్న. మనది కుటుంబం కదా అన్నాను. అది ఆదివారాలకేనట.

మార్చి 21. లైబ్రరీ.
కాలేజీలో చెప్పేది సప్లై చైన్. ఇది నాకు నేనే నేర్చుకున్నాను.

మెహల్. నామవాచకం, స్త్రీలింగం. "మెహల్ యొక్క" అనాలంటే మెహ్లె. ఒకటి కంటే ఎక్కువైతే మెహ్లెఖ. పాత ఐరిష్‌లో మెథెల్, అంటే కోతకు దిగిన గుంపు. ఇంకా వెనక్కి వెళితే కోయడం అనే ధాతువు. కుటుంబం ఎక్కడా లేదు.

ఇరుగుపొరుగు రైతులు ఒకరి చేను కోతకు ఒకరు దిగడం. ఇవాళ నీది, రేపు నాది. మా అమ్మ దీన్నే బదులు అంటుంది. బదులు తీర్చనివాడి చేలో మళ్లీ ఎవరూ అడుగుపెట్టరు.

మార్చి 22.
వ్యాన్ నడిపే పాండురంగ అన్నకు నేను రాసుకున్నది చూపించాను. నీకెందుకే చెల్లె ఈ లొల్లి, షిఫ్టులు కట్ జేస్తే ఫీజు ఎట్ల కడతవ్ అన్నాడు. ఆ తర్వాత నోట్‌బుక్ లాక్కుని రెండుసార్లు చదివాడు.

మార్చి 24. ఆదివారం.
వెళ్లాను. పన్నెండోది.

డెక్లన్ వచ్చాడు. జయదేవ్ అన్న వింటుండగానే, మీ ఊళ్లో మెహల్ చూశారా అని అడిగాను. మొహం వెలిగిపోయింది. వాళ్ల తాత గడ్డికోతకు ఊరంతా వచ్చేదట. తాత ప్రతి ఇంటి కోతకూ బదులు వెళ్లేవాడట, జ్వరంతో కూడా. వెళ్లకపోతే చర్చిలో తలెత్తుకోలేడట.

అంటే తెలుసు. తెలిసే గోడమీద రాయించాడు.

కడుగుతున్న ట్రే చేతిలోంచి జారింది. వంగి తీయలేదు.

మార్చి 25.
డిక్షనరీ మేడమ్‌కి ఈ వారం రెస్ట్ అని జయదేవ్ అన్న మెసేజ్. మూడు షిఫ్టులూ పోయాయి.

మార్చి 26. పొద్దున 6:10.
పాండురంగ అన్న వెనక తలుపు తీసిపెట్టాడు. గోడమీది పచ్చ అక్షరాల కింద మార్కర్‌తో ఇలా రాశాను. చివర నా పేరు పక్కన అన్న తన పేరూ రాశాడు. అతనివి నలభై ఆదివారాలు.

డెక్లన్, మీ కోతకు పన్నెండు రోజులు దిగాను. డబ్బు వద్దు. బదులు ఒక్క రోజు. ముప్పయ్యో తారీఖు శనివారం ఉదయం ఎనిమిదికి వ్యానుతో మీరే రండి. పరుపులు నాలుగు, మెట్లు పద్నాలుగు. వస్తారో రారో గురువారం సాయంత్రం ఐదులోపు ఇక్కడే, ఈ గోడమీదే రాయండి.