చివరి పాటలో నీ పిలుపు

అనిల్,

నువ్వు పోయి ఏడాది నిండిన ఈ రోజే మన బ్యాండు ఆల్బమ్ బయటికి వచ్చింది. ఏ కంపెనీ అండా లేకుండా మనమే చేసుకున్నాం.

పోయిన వారం మీ బాపుకు వినిపించాలని కోరుట్ల నుంచి సిరిసిల్ల వెళ్లాను. మన గోథిక్ రాక్‌ను దయ్యాల పాటలని తిట్టిన మనిషి, షెడ్డులో మరమగ్గాలు ఆపి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గిటార్ల హోరంతా ఓపిగ్గా విన్నాడు. చివరి పాటలో, నువ్వు ఆ షెడ్డులోనే రికార్డు చేసిన మగ్గాల చప్పుడు రాగానే తలెత్తాడు.

"గిది మన సాంచాల సప్పుడే. గా దినం వాడు నన్ను పిలిచిండు. గది ఏది?"

పాటకు అడ్డమని ఆ మాటను నేనే కత్తిరించాను. ల్యాప్‌టాప్‌లో అసలు రికార్డింగు వెతికి పెట్టాను.

"బాపూ, ఆపకు. ఇంకొంచెంసేపు నడువనియ్యి" అన్నావు.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "గా మాట పాటల ఉండనియ్యరాదా?" అని అడిగాడు.

ఇప్పుడు ఆ పాట నీ మాటతోనే మొదలవుతుంది. పొద్దున మీ బాపు ఫోన్ చేశాడు.

"పాట నాకు ఇప్పటికీ సమజైతలేదు. వాడు పిలిచింది ఇని, మల్ల మొదటికి పెట్టుకుంటున్న."