ఉడకని తమాలెలు

హువామంత్లా,
ఫిబ్రవరి 1, ఆదివారం మధ్యాహ్నం.

లొరెన్సా పిన్నికి,

యారెత్సి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. అమ్మ, అమ్మమ్మ, మామయ్య క్షేమమే. నేను మాత్రం కాదు. ఈ రోజు ఎదురైన మొదటి వింత ఏమిటంటే, మూడు గంటలు ఆవిరిలో ఉన్న తమాలెలు మూత తీసి, ఆకు విప్పి చూస్తే లోపల మొక్కజొన్న పిండి పచ్చిగానే ఉంది. రెండో వింత, అది నా వల్లేనట.

ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ మా పేర్లు కనపడగానే నువ్వు ఫోన్ని బోర్లా తిప్పేస్తున్నావని బాబాయి అమ్మతో అన్నాడు. ఉత్తరాన్ని బోర్లా తిప్పినా లోపల రాసింది అలాగే ఉంటుంది కదా, అందుకని రాస్తున్నాను. సాయంత్రం దోన్ ఫెర్మీన్ వ్యాను ప్వేబ్లా వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. నీ చేతికే ఇవ్వమని చెబుతాను. ఇంత పెద్ద ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు. రాయడానికి ఇంత అన్యాయం ఎప్పుడూ జరగలేదు మరి.

ఏటా చేసినట్టే కాండెలారియా పండుగ ముందు రోజు చిన్న డేగిసా ఎక్కించాం. బాలయేసు విగ్రహానికి కొత్త బట్టలు తొడగడానికి వచ్చే ఆడవాళ్ల కోసం అది. రేపు పెద్ద డేగిసా, వీధి మొత్తానికి. మామూలుగా పిండి గిలకొట్టేటప్పుడు మన వంటిల్లు సంతలా ఉంటుంది. ఒకరు పంది కొవ్వు వేస్తూ ఉంటే ఇంకొకరు పిండి కొడతారు, మూడోవాళ్లు ఎవరింటి కోడలు ఏమందో చెబుతారు. ఈసారి అమ్మమ్మ అందరినీ బయటికి తోలి లోపల గడియ పెట్టుకుంది. నన్ను పెరట్లో కూర్చుని నానబెట్టిన మొక్కజొన్న పొత్తి ఆకులు ఏరమంది.

నాకు పదిహేడు నిండాయి పిన్నీ. ఈ ఏడు పెద్ద డేగిసాలో మొదటి తమాలె యారెత్సి చేత్తో పెట్టిద్దామని పోయినేడు అందరి ముందూ అన్నది నువ్వే. అలాంటిదాన్ని ఆకులేరుకోమని పెరట్లో కూలేస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. అయినా నోరెత్తలేదు. చిరిగినవన్నీ ఒక పక్కకీ, వెడల్పువన్నీ ఒక పక్కకీ పెట్టి, చల్లటి నీళ్లలో వేళ్లు కొంకర్లు పోయేదాకా ఏరాను. ఇది కోపిష్టి మనిషి చేసే పనేనా?

తర్వాత అమ్మమ్మ చుట్టింది, అమ్మ పేర్చింది, మామయ్య పొయ్యి అంటించాడు. అప్పటికే పక్కింటి దోన్యా చోలె ఇంకో ఇద్దరిని వెంటేసుకుని చెప్పిన వేళ కంటే ముందే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. అమ్మ ఒకటి తీసి విప్పింది. పిండి ఆకుని వదల్లేదు. బంకలా వేలికి అంటుకుంది. ఇంకాసేపు ఉంచుదాం అన్నారు. ఇంకాసేపు ఉంచారు. మళ్లీ విప్పారు. మళ్లీ బంకే.

అప్పుడు దోన్యా చోలె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, డాక్టరు రోగం పేరు చెప్పినట్టు అమ్మమ్మతో చెప్పింది: "ఇంట్లో ఎవరో కోపంగా ఉన్నారు వదినా."

ఇక చూడు. డేగిసాలో నీళ్లు చాలాయా అని ఎవరూ అడగలేదు. మంట సరిపోయిందా అని అడగలేదు. కోపంగా ఉన్న మనిషి పక్కనుంటే తమాలె ఉడకదని ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు కాబట్టి, ఇక మిగిలిందల్లా ఆ మనిషిని పట్టుకోవడమే. అయిదుగురూ ఒకేసారి నా వైపు తిరిగారు. ముందే కూడబలుక్కున్నట్టు.

కారణం ఏమిటో తెలుసా? పొద్దున అతోలె జావ తాగుతూ, పిన్ని కుర్చీ బల్ల దగ్గర్నుంచి తీసి షెడ్డులో ఎందుకు పడేశారని అడిగాను. కాలు విరిగిందని మామయ్య అన్నాడు. ఆ కాలు నాకు ఆరేళ్లప్పుడే విరిగింది, ఇన్నేళ్లూ దాని కింద చెక్క పెట్టుకుని కూర్చోలేదా అన్నాను. అని కప్పు బల్ల మీద పెట్టాను. మట్టి కప్పు, చెక్క బల్ల. చప్పుడవుతుంది. అది నా కోపానికి సాక్ష్యమట.

కోపంగా లేనని చెప్పాను. చెప్పినకొద్దీ కోపంగా ఉన్నట్టే వినపడిందట. కోపం వేరు, అన్యాయాన్ని చూసి మనసు మండటం వేరు, రెంటికీ వేర్వేరు మాటలున్నాయని మా సాహిత్యం టీచరు మొన్ననే చెప్పింది. అదే మామయ్యకి ఓపిగ్గా వివరించాను. నాది కోపం కాదు, ధర్మాగ్రహం అన్నాను. మామయ్య డేగిసా వైపు గరిటె చూపించి, "దానికి ఆ తేడా తెలీదమ్మా, అది బడికి పోలేదు" అన్నాడు. దోన్యా చోలె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.

ఇంతటితో అయిపోతే ఉత్తరం రాసేదాన్ని కాదు. విరుగుడు చెయ్యాలన్నారు. డేగిసా పిడులకి ఆకులతో ముడులు కట్టారు. ఊహూ. దాన్ని క్షమించమని అడగమన్నారు. పిన్నీ, అల్యూమినియం పాత్రని క్షమాపణ అడిగాను. మూత మీద చెయ్యి పెట్టి మరీ అడిగాను, చెయ్యి కాలింది కూడా. ఊహూ. ఆఖరికి దాని ముందు నాట్యం ఆడమన్నారు. అమ్మ నా గౌను అంచు సర్దుతూ, ఆడేస్తే పోతుందిగా, ఊరికే మొండికేస్తావెందుకు అంది. కన్నతల్లి ఆ మాట అంటే ఇక ఎవరితో చెప్పుకోను?

ఆడాను. పొయ్యి ముందు, ఆ ఇరుకులో, మామయ్య గరిటెతో తాళం వేస్తుంటే రెండు చుట్లు తిరిగాను. మళ్లీ మూత తీశారు. బంకే. అప్పుడు దోన్యా చోలె ఏమందో విను: "కాళ్లు ఆడాయి గానీ పిల్ల మనసు ఆడలేదు."

ఆ తమాలెలు చివరికి దోన్యా చోలె టర్కీ కోళ్లకి పోయాయి. అవి కూడా రెండుసార్లు పొడిచి, తల ఎగరేసి పోయాయి. ఆ కోళ్లు కూడా నా మీద కోపంగా ఉన్నాయేమో ఎవరైనా కనుక్కుంటే బాగుండు.

వీళ్లందరి కంటే నాకు ఎక్కువ బాధేసింది అమ్మమ్మని చూసి. ఇంత జరుగుతున్నా ఆవిడ పొయ్యి పక్క పీట మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లని వదిలెయ్యండర్రా అంటే చాలు, దోన్యా చోలె కూడా నోరు మూసుకునేది. అనలేదు. నా వైపు చూడలేదు. నేను ఆడుతున్నప్పుడు మాత్రం తల వంచుకుని చేతికంటిన పిండి గోకుతూ కూర్చుంది.

ఇప్పుడు శిక్ష విను. రేపు నేను వంటింటి గడప తొక్కకూడదు. వీధి వీధంతటికీ పచ్చి పిండి పంచమంటావా అని మామయ్య అడిగాడు. మొదటి తమాలె సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ కోపం అంటారని నేనూ ఎత్తలేదు.

ఇక నీ సంగతి. నీ మీద కూడా నాకు మండుతోంది పిన్నీ, దాచుకోను. రాజుల పండుగ నాడు రొట్టె కోస్తే, లోపల దాచిన బొమ్మ ఎవరి ముక్కలో వచ్చింది? నీ ముక్కలో. బొమ్మ ఎవరికొస్తే కాండెలారియాకి తమాలెలు వాళ్లు పెట్టాలి. ఇది నేను పెట్టిన రూలు కాదు. ఆ రోజు నువ్వెంత సంబరపడ్డావో నాకు గుర్తుంది. నవంబరులో గుండె నొప్పి వచ్చినప్పుడు అమ్మమ్మని కొవ్వు తినొద్దన్నారు కాబట్టి ఈసారి నూనెతో చేస్తాను, తేడా తెలియకుండా చేస్తాను, చూడండి అన్నావు. "ముందు నూనెని..." అని చెప్పబోయావు. అంతే, అమ్మమ్మ చాకు కింద పెట్టేసింది. "నన్ను పాతిపెట్టాక చేసుకో నీ నూనె తమాలెలు" అంది. "మా అమ్మమ్మ, మా అమ్మ, నేను, ముగ్గురం కొవ్వుతోనే చేశాం, ముగ్గురం చావలేదు" అని కూడా అంది. ఇద్దరు చచ్చిపోయారుగా అని మామయ్య లెక్క సరిచేయబోతే అమ్మ కాలు తొక్కింది.

అమ్మమ్మది తప్పే. అందరి ముందూ అలా అనకూడదు. కానీ నువ్వు చేసిందేమిటి? బొమ్మని ఉప్పు జాడీ పక్కన పెట్టి, చీటీ చెల్లించేసినట్టు వెళ్లిపోయావు. అది ఇంకా అక్కడే ఉంది. ఉప్పు తీసిన ప్రతిసారీ అమ్మమ్మ చెయ్యి దాని పక్కనుంచి పోతుంది. దుమ్ము దులిపేటప్పుడు జాడీ ఎత్తుతుంది, బొమ్మ జోలికి మాత్రం పోదు.

కోపం ఎవరిది అని ఇంత వెతికారే, ఇద్దరు కోపిష్టి వాళ్లు ఒకరు ప్వేబ్లాలో, ఒకరు పొయ్యి పక్కన కూర్చుని ఉంటే, మధ్యలో నాట్యం నేను ఆడాలా? ఈ ప్రశ్న అక్కడే అడగాల్సింది. అప్పుడు తట్టలేదు. మంచి మాటలన్నీ నాకు గిన్నెలు కడిగే వేళకి తడతాయి.

నేను రమ్మని బతిమాలడం లేదు. జరిగింది నీకు తెలియాలి, అంతే. ఎవరో ఒకరు నా తరఫున నిలబడి, ఈ పిల్ల కోపంగా లేదు అని చెప్పాలి. నువ్వైతే చెబుతావని రాశాను.

న్యాయం కోసం చూస్తూ,
నీ అక్క కూతురు
యారెత్సి

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. దోన్ ఫెర్మీన్ బయట హారన్ కొడుతున్నాడు, ఆగమన్నాను. గబగబా రాస్తున్నాను.

పొద్దున పిండి కొట్టిన తొట్టి కడగమని అమ్మ నన్నే పిలిచింది. వంటింట్లోకి రానివ్వరు గానీ తొట్టి మాత్రం పెరట్లోకి వస్తుంది. ఈ చలికి పంది కొవ్వు తొట్టి అంచుకి తెల్లగా మైనంలా పేరుకుంటుంది కదా, గోరుతో గీకితే గానీ పోదు. ఈ తొట్టి అంచు తెల్లగా లేదు. తడిగా, జారుడుగా, పచ్చగా మెరుస్తోంది. వెళ్లి కొవ్వు డబ్బా మూత తీశాను. కసాయి దోన్ నబోర్ పైన కాగితం వేసి ఇస్తాడే, ఆ కాగితం కూడా కదల్లేదు.

అమ్మమ్మ కిటికీ దగ్గర బాలయేసు గౌనుకి అంచు కుడుతోంది. తొట్టి తీసుకెళ్లి ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, సూది గుడ్డలో గుచ్చేసింది.

నూనే పిన్నీ. నీ నూనే. గడియ పెట్టుకుని, నువ్వు చెప్పినట్టే చేద్దామని కూర్చుందట. బాగా గిలకొట్టిన పిండి నీళ్లలో తేలాలి కదా, గ్లాసు నీళ్లలో వేసిన ఉండ మునిగిపోయిందట. ఇంకా కొట్టిందట, మళ్లీ మునిగిందట. బయట దోన్యా చోలె గొంతు వినపడేసరికి, మునిగిన పిండినే చుట్టేసిందట. మరి నన్నెందుకు నాట్యం ఆడించావు అని అడిగాను. ఇప్పుడు మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది, ఆ మాట ఒప్పుకుంటాను. నా చేతి పిండి మునిగిందని చోలె ముందు చెప్పనా అంది. మళ్లీ సూది అందుకుని, నువ్వు బాగానే ఆడావే, చోలె చెప్పింది పట్టించుకోకు అంది. అమ్మమ్మ నోట అది క్షమాపణ అని నీకు తెలుసు.

లొరెన్సా పిన్నికి ఇదంతా రాస్తాను అన్నాను. రాయొద్దంది. గుమ్మం దాకా వచ్చానో లేదో వెనక్కి పిలిచింది.

"అది 'ముందు నూనెని' అంది. ముందు నూనెని ఏం చెయ్యాలో చెప్పనిచ్చానా నేను? రాస్తే రాశావు గానీ, ఆ ఒక్కటీ అడుగు."

రేపటి పిండి తడిపి, గుడ్డ కప్పి ఉంచాం. కొవ్వూ కలపలేదు, నూనే కలపలేదు. నీ కుర్చీ షెడ్డులోంచి తెచ్చి కాలి కింద చెక్క పెట్టాను. రేపు తెల్లవారుజామున నాలుగింటికి దోన్ ఫెర్మీన్ మీ వీధి చివర ఆగుతాడు, ముందు సీటు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. అయిదింటికి ఇక్కడ పొయ్యి వెలిగిస్తాం.

అమ్మమ్మ అడగమంది కాబట్టి అడుగుతున్నాను. ముందు నూనెని ఏం చెయ్యాలి? జవాబు రాసి పంపకు. రేపు పొద్దున్నే వచ్చి చెప్పు.