మూత తీసిన సూపు

పొజ్నాన్, మంగళవారం

బ్రోంకక్కా, దిగులు మానెయ్, మీ అమ్మాయి యాగ్నా ఉద్యోగం నిలిచింది. అయిదు దేశాల యూనివర్సిటీలు కలిసి చెప్పబోయే, అది తయారుచేసిన వరదల మీద కోర్సుకు నిన్న మా యూనివర్సిటీ హాల్లో మీటింగుకొచ్చిన అందరూ ఒప్పుకోవాల్సి ఉంది. ఒక్కరు కాదన్నా పిల్ల ఇంటికే. స్పెయిన్ ప్రొఫెసరుకు మూడైతే గాని ఆకలెయ్యదు, ప్రశ్నలు ఆపడు. ఫిన్లాండావిడకు పదకొండుకే భోజనం పడాలి. వడ్డనకు నిలబడ్డ నేను పుల్లటి జూరెక్ సూపు గిన్నె ఆవిడ వెనకే పెట్టి, వాసన తగిలేలా మూత తీశాను.

"కోర్సు బాగుందని మీరే మూడుసార్లు అన్నారు కదండీ, ఇక సంతకం పెట్టండి!" అని ఆవిడ ఆయన్ని కసిరింది. పెట్టాడు.

ఎండు పుట్టగొడుగులు పంపు. పొయ్యి పొగ తగ్గిందా? యాగ్నాకు ఏమీ తెలియదనుకున్నాను. పొద్దున్నే వచ్చి, "మామయ్యా, వచ్చే నెల ఇంకో కోర్సు తెస్తున్నా. ఈసారి ఏం వడ్డిస్తావ్?" అంది. దానికి నా పోలికే వచ్చిందక్కా!

బావా నువ్వూ చల్లగా ఉండండి.

నీ తమ్ముడు వాట్సెక్