ఎడమచేతి బ్రేకు

తమ్ముడూ,

తిట్టాలనుంటే ఉత్తరం ఆఖరిదాకా చదివి తిట్టు. పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యమన్నావే, కొండలెక్కే నీ గేర్ల సైకిల్, దాన్ని ఇవ్వలేదు. ఇచ్చేశానని ఫోన్లో అబద్ధమాడాను. మూడు నెలలుగా అది మా వీధి చివర మెకానిక్ దగ్గరుంది.

తుప్పంతా గీకించాను. ముప్ఫయ్యేళ్ల నాటి ఆ ఆకుపచ్చ రంగు జోలికి మాత్రం పోనివ్వలేదు. టైర్లూ చైనూ కొత్తవి. మెకానిక్ ముచ్చటపడి అన్నీ మునుపటిలాగే బిగించాడు, రెండు చేతులకీ రెండు బ్రేకులతో సహా. అప్పుడిక నీ కుడిచేతి సంగతి చెప్పక తప్పలేదు. మిషన్లో నలిగినప్పటి నుంచి వేళ్లు ముడుచుకోవడం లేదన్నాను, అంతే.

"రెండు బ్రేకులూ ఒక్క మీటకి కలిపితే పాత సైకిల్ అందం పోతుందమ్మా" అని గొణిగాడు.

"చూస్తూ కూర్చోడానిక్కాదు, తొక్కడానికి" అన్నాను.

ఇప్పుడు బ్రేకులు రెండూ ఎడమచేతి మీటకే పనిచేస్తాయి. గేరు మీట కూడా ఎడమ బొటనవేలికే అందుతుంది. కుడిచెయ్యి ఊరికే పిడి మీద ఆనిస్తే చాలు.

నిన్న పొద్దున నా కుడిచేతికి తువ్వాలు గట్టిగా చుట్టుకుని వీధి చుట్టూ తొక్కి చూశాను. రెండుసార్లు పడ్డాను. మొదటిసారి మీ బావ నవ్వారు, రెండోసారి నవ్వలేదు. ఇందులో బ్రేకు తప్పేం లేదు, దానికి వంక పెట్టకు. సీటు నీ ఎత్తుకుంది, నాకు కాళ్లు నేలకందలేదు.

దించుకోవే అన్నారు మీ బావ. నేను దించలేదు.

అక్క